పజిల్ విప్పడానికి నలుగురు కూర్చుంటే

మొన్న శనివారం కూడా అదే జరిగింది. నేను పజిల్ పూర్తిగా చెప్పీ చెప్పకముందే మా బావ "పది రూపాయలు" అని అరిచేశాడు. పజిల్ ఇది: ఒక మెస్సులో చేపల పులుసు భోజనం, వక్కపొడి ప్యాకెట్టు కలిపి 110 రూపాయలు. ప్యాకెట్టు కన్నా భోజనం 100 రూపాయలు ఎక్కువ. ప్యాకెట్టు ఎంత? మీకూ ముందు పదే తట్టి ఉంటుంది, సిగ్గుపడాల్సిన పనేం లేదు. ప్యాకెట్టు పది అయితే భోజనం 110, రెండూ కలిపితే 120 అయిపోతుంది. కాబట్టి ప్యాకెట్టు ఐదు, భోజనం 105. షేన్ ఫ్రెడరిక్ అనే ఆయన 2005లో బ్యాటు, బంతి పెట్టి ఇదే లెక్కను ఒక పరీక్షలో వాడాడు, పేరున్న యూనివర్సిటీల పిల్లలు కూడా చాలామంది బోల్తా పడ్డారు. నేను బ్యాటు తీసి చేపల పులుసు పెట్టానంతే, నెల్లూరోణ్ణి కదా.

బావ తప్పు చెప్పాడని కాదు నా బాధ. ఆయన అరిచిన మరుక్షణం మిగతావాళ్ళ బుర్రలు కూడా ఆ పది చుట్టూనే తిరగడం మొదలుపెట్టాయి, ఒకరు పదిని సమర్థిస్తారు, ఒకరు పది కాదంటారు, అసలు ప్రశ్న ఏమిటో ఎవరికీ గుర్తులేదు. నలుగురు కూర్చుంటే నాలుగు బుర్రలు పనిచెయ్యాలి గానీ మామూలుగా పనిచేసేది గొంతు పెద్దగా ఉన్నవాడి బుర్ర ఒక్కటే. ఐదారేళ్ళుగా శనివారం రాత్రుళ్ళు మా మిద్దె మీద చాపలేసుకుని ఆడుతున్నాం. ఒంగోలు నుంచి సాయంత్రం రైలుకి దిగే ఫ్రెండు, మెడికల్ షాపు అన్న, కావలిలో లెక్కలు చెప్పే టీచరక్క, మా బావ, నేను. మేము నేర్చుకున్నదల్లా ఆ ఒక్క గొంతుని కాసేపు ఆపడం ఎట్టా అన్నదే. మీ దగ్గరా నలుగురైదుగురు ఉంటే ఇది పనికొస్తుంది. ఆరుగురు దాటారంటే రెండు జట్లుగా విడిపోండి, లేకపోతే ఇద్దరు పజిల్ విప్పుతుంటే నలుగురు ఐపీఎల్ గురించి మాట్లాడుకుంటారు.

ముందు నోరు కట్టెయ్యాలి

పజిల్ చెప్పగానే రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఊరికే కూర్చోమంటే ఎవరూ కూర్చోరు కాబట్టి చేతికి పని ఇవ్వండి: తలా ఒక కాగితం ముక్క, పెన్ను. మేము చించేసిన క్యాలెండర్ కాగితాల వెనక వైపు వాడతాం, వెడల్పుగా ఉంటాయి, బొమ్మలు గీసుకోవచ్చు. కాగితం మీద జవాబే రాయాలని లేదు, ప్రశ్నలో తనకేం అర్థమయిందో, ఎక్కడ అనుమానముందో రాసినా చాలు. ఫోన్లు బోర్లా, ఒక పక్కన. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు, పజిల్‌ని ఏఐని అడిగి తెలుసుకోవాలంటే ఇంట్లోనే కూర్చుని అడగొచ్చు, రైలెక్కి రావడం ఎందుకు?

రెండు నిమిషాలయ్యాక కాగితాలు విప్పేటప్పుడు తక్కువ మాట్లాడేవాళ్ళతో మొదలుపెట్టండి. మా దగ్గర అది మెడికల్ షాపు అన్న. టీచరక్క ముందు మాట్లాడిందంటే ఇంకెవరూ ఆమెకు ఎదురు చెప్పరు, లెక్కల టీచరు గదా, ఆమే కరెక్టు అయ్యుంటుందని తలలూపేస్తారు. ఈ సంగతి అక్కే కనిపెట్టి, "నా కాగితం చివర్లో విప్పండి" అని తనే రూలు పెట్టింది.

తర్వాతి పని, చాలామంది అనవసరం అనుకుని వదిలేసేది, ప్రశ్నను ఇంకొకరి చేత తిరిగి చెప్పించడం. చెప్పినవాడు కాదు, విన్నవాడు చెప్పాలి. నేనొకసారి ధాన్యం పంపకాల లెక్క ఒకటి తయారుచేసి తెచ్చాను, అందులో "రెండు పుట్లు" అన్నాను. మాకు పుట్టి అంటే 850 కిలోలు, వడ్ల బేరాలన్నీ ఆ లెక్కలోనే జరుగుతాయి, అందరికీ తెలిసిందే కదా అనుకున్నా. ఒంగోలు ఫ్రెండు తన కొలతేదో మనసులో పెట్టుకుని ముప్పావుగంట కుస్తీ పట్టి, ఎంత చేసినా తేలట్లేదని పెన్ను విసిరేశాడు. లెక్కలో మెలికే లేదు, పుట్టిలో ఉంది. అప్పట్నుంచి లెక్క మొదలుపెట్టేముందు ఒకరు గట్టిగా తిరిగి చెబుతారు, ఏం ఇచ్చారు, ఏం అడిగారు, ఏది చెయ్యొచ్చు, ఏది కూడదు. సగం పోట్లాటలు అక్కడే తగ్గిపోతాయి.

ఒకటితో మొదలుపెట్టండి

నాకు ఎక్కువ ఇష్టమైన పజిల్ ఇది, ఆడటానికి బొట్టు బిళ్ళల అట్ట రెండు రంగుల్లో ఉంటే చాలు. ముగ్గురు కళ్ళు మూసుకుంటారు. ఆడించేవాడు ఒక్కొక్కరి నుదుటా ఎర్రదో నల్లదో అంటిస్తాడు. కళ్ళు తెరిచాక ఎవరిది వాళ్ళకు కనపడదు, మిగతా ఇద్దరివీ కనిపిస్తాయి. మాట్లాడకూడదు, సైగలు చెయ్యకూడదు. ఆడించేవాడు ముగ్గురికీ ఎర్రవే పెట్టాడనుకోండి, పెట్టి, "మీలో కనీసం ఒకరికి ఎర్ర బొట్టుంది" అని ప్రకటిస్తాడు. తర్వాత, "తన బొట్టు రంగేదో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి" అంటాడు. ఎవరూ ఎత్తరు. మళ్ళీ అదే ప్రశ్న. ఎవరూ ఎత్తరు. మూడోసారి అడిగితే ముగ్గురూ ఒకేసారి ఎత్తుతారు. ఎట్టా?

ముగ్గురి గురించి ఒకేసారి ఆలోచిస్తే తల తిరుగుతుంది. అందుకని ఎర్ర బొట్టు ఒక్కరికే ఉందనుకోండి. ఆ ఒక్కరికి ఎదురుగా రెండూ నల్లవే కనిపిస్తాయి, కనీసం ఒకటి ఎర్రది అన్నారు కదా, అయితే అది నాదే అని మొదటిసారే చెయ్యెత్తేస్తారు. ఇప్పుడు ఇద్దరికి ఎర్రవి అనుకోండి. నాకు ఒక ఎర్ర బొట్టు కనిపిస్తోంది, నాది నల్లదైతే ఆ మనిషి మొదటిసారే చెయ్యెత్తి ఉండాలి, ఎత్తలేదు, అంటే నాది కూడా ఎర్రదే. కాబట్టి రెండోసారి ఇద్దరూ ఎత్తుతారు. ముగ్గురికి ఎర్రవైతే? నాకు రెండు ఎర్రవి కనిపిస్తున్నాయి, నాది నల్లదైతే ఆ ఇద్దరూ రెండోసారికే ఎత్తి ఉండాలి, ఎత్తలేదు, కాబట్టి నాదీ ఎర్రదే. మెట్టు మీద మెట్టు. ఏ పజిల్‌లో అయినా పెద్ద సంఖ్య చూసి జంకితే ఆ సంఖ్యను తీసేసి ఒకటి, రెండు పెట్టి చూడండి, దారి అక్కడే కనిపిస్తుంది.

ఇక్కడ టీచరక్క ఒక అనుమానం లేవదీసింది, ఆ రాత్రి పదకొండయింది అది తేలేసరికి. "ముగ్గురికీ ఎదురుగా రెండేసి ఎర్ర బొట్లు కనిపిస్తూనే ఉన్నాయి. కనీసం ఒకటుందని నువ్వు కొత్తగా చెప్పిందేంది? చెప్పకుండా నేరుగా మూడుసార్లు అడిగితే పోలా?" పోదు. చెప్పకపోతే వందసార్లు అడిగినా ఎవరూ చెయ్యెత్తలేరు. ఎందుకంటే, ఆడే ముగ్గురూ నేను, బావ, మెడికల్ షాపు అన్న అనుకోండి, నేను నా బొట్టు నల్లదని ఊహించుకుంటాను. ఆ ఊహలో బావకి కనిపించేది అన్న బొట్టు ఒక్కటే ఎర్రది. ఆ ఊహలోని బావ తన బొట్టు కూడా నల్లదని ఊహించుకుంటే, ఆ ఊహలోని అన్నకి ఒక్క ఎర్ర బొట్టు కూడా కనపడదు. అంటే ఎర్ర బొట్టుందని నాకు తెలుసు, బావకి తెలుసని కూడా నాకు తెలుసు, కానీ అన్నకి తెలుసని బావకి తెలుసా అన్నది నేను గట్టిగా చెప్పలేను. అందరి ముందూ పైకి చెప్పిన మాటతోనే ఆ గొలుసు మొత్తం ముడిపడుతుంది. పెళ్ళి సంబంధాల్లో అందరికీ తెలిసిన సంగతే అయినా పెద్దమనిషి నోటితో పైకి అనిపించేది ఇందుకే కాబోలు.

ఒక జాగ్రత్త. ఈ ఆట ఆడేటప్పుడు ముగ్గురూ ఆలోచిస్తూ ఉండాలి. మేము మొదటిసారి ఆడినప్పుడు అన్న రెండో ప్రశ్నకి కునుకు తీశాడు, మూడోసారి ఆయన చెయ్యి లేవలేదు, మిగతా ఇద్దరూ వాళ్ళ తర్కాన్ని వాళ్ళే అనుమానించుకున్నారు.

తలలో తిప్పొద్దు, నేల మీద తిప్పండి

పెన్నా మీద ఒక పాత చెక్క వంతెన ఉందనుకోండి (వెతక్కండి, లేదు). చీకటి. నలుగురు దాటాలి, ఉన్నది ఒకటే టార్చి, ఒకసారికి ఇద్దరికి మించి వంతెన మీద ఉండకూడదు, టార్చి లేకుండా ఎవరూ అడుగు వెయ్యకూడదు, విసరకూడదు. ఒకరికి దాటడానికి 1 నిమిషం, ఇంకొకరికి 2, మరొకరికి 5, చివరాయనకి 10. ఇద్దరు కలిసి నడిస్తే నెమ్మదైనవాడి వేగమే లెక్క. అందరూ దాటడానికి కనీసం ఎన్ని నిమిషాలు?

దీన్ని కాగితం మీద చేస్తే నూటికి తొంభైమంది 19 దగ్గర ఆగుతారు: ఒక నిమిషంవాడే అందరినీ ఒక్కొక్కరుగా దింపి వస్తుంటాడు, 10, 1, 5, 1, 2, మొత్తం 19. చూడ్డానికి అంతకంటే బాగా చెయ్యడానికి వీల్లేనట్టే ఉంటుంది. మేము మిద్దె మీద పిట్టగోడకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య చాక్‌పీసుతో వంతెన గీసి నిజంగానే నడిచాం, టార్చి బదులు సెల్లు. పదినిమిషాలాయన బావ, ఐదు నిమిషాలాయన అన్న, ఇద్దరూ మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా నడిచే వేషం కడుతుంటే ఒంగోలు ఫ్రెండుకి తట్టింది: "ఈ ఇద్దరు ముసలోళ్ళనీ కలిపి పంపితే ఐదు పదిలో కలిసిపోతుంది గదా!" అదే కీలకం. 1, 2 ముందు దాటాలి (2 నిమిషాలు), 1 వెనక్కి (1), 5, 10 కలిసి దాటాలి (10), అవతల ఉన్న 2 టార్చి తెస్తాడు (2), 1, 2 మళ్ళీ దాటాలి (2). మొత్తం 17. కాగితం మీద అంకెలుగా ఉన్నప్పుడు ఎవరికీ కనపడనిది పక్కపక్కన కుంటుతున్న మనుషులుగా ఉన్నప్పుడు కనిపించింది.

ఇలాంటి దాటింపు పజిల్స్ అన్నిటిలో మనుషులు తడబడేది ఒకేచోట, అవతలికి చేర్చిందాన్ని మళ్ళీ ఇవతలికి తేవడం దండగ అనుకుంటారు. పులి, మేక, గడ్డిమోపు కథ మీకు తెలిసిందే, అందులోనూ మేకను వెనక్కి తెస్తేనే పని అవుతుంది. యూరప్‌లో ఇది తోడేలు, మేక, క్యాబేజీగా 1,000 ఏళ్ళకు పైబడిన లాటిన్ రాతప్రతుల్లోనే ఉంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా జనం ఆ మేక దగ్గరే ఆగుతున్నారు. కాబట్టి ఇరుక్కుపోతే, "మనం వెనక్కి వెయ్యకూడదనుకుంటున్న అడుగేది?" అని అడిగి చూడండి.

ఇంకొకటి ఆడి తీరాల్సింది, వాదించి తేల్చలేనిది. మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, ఒకదాని కింద వక్క పెట్టాలి. మీరొక గ్లాసు ఎంచుకుంటారు. వక్క ఎక్కడుందో తెలిసిన నేను మిగతా రెండిట్లో ఖాళీది ఒకటి ఎత్తి చూపిస్తాను. ఇప్పుడు మీరు మీ గ్లాసు దగ్గరే ఉంటారా, మిగిలిన రెండోదానికి మారతారా? రెండే ఉన్నాయి కాబట్టి ఏదైనా ఒకటే అంటారు అందరూ. కాదు, మారితే మూడింట రెండు వంతులు గెలుస్తారు. స్టీవ్ సెల్విన్ అనే ఆయన 1975లో ఈ లెక్కను ఒక గణాంకశాస్త్ర పత్రికకు రాశాడు, 1990లో మార్లిన్ వాస్ సావంట్ అనే ఆవిడ పరేడ్ అనే అమెరికా పత్రికలో మారమనే జవాబిస్తే సుమారు 10,000 ఉత్తరాలు వచ్చిపడ్డాయి, డాక్టరేట్లున్నవాళ్ళు కూడా నువ్వు తప్పని రాశారు. ఆమెదే కరెక్టు. మీ మిద్దె మీద అదే గొడవ జరగబోతోంది, సిద్ధంగా ఉండండి.

గొడవ ఆపడానికి ఒకటే మార్గం, ముప్పైసార్లు ఆడండి. ఒకరు ఎప్పుడూ మారాలి, ఒకరు ఎప్పుడూ మారకూడదు, గీతలు పెడుతూ పోండి, మారినవాడికి ఇరవై దగ్గర్లో, మారనివాడికి పది దగ్గర్లో వస్తాయి. ఆడాక వివరణ ఎవరికైనా ఎక్కుతుంది: మొదట ఎంచుకున్నప్పుడు మీ గ్లాసు తప్పయ్యే అవకాశమే ఎక్కువ, మూడింట రెండు, మీరు తప్పు గ్లాసు పట్టుకున్న ప్రతిసారీ నేను రెండో ఖాళీని తీసేసి వక్క ఉన్నదాన్నే మీకు మిగులుస్తున్నాను. ఇక్కడ ఒక్క షరతు మాత్రం తప్పకుండా చెప్పాలి: ఎత్తేవాడికి వక్క ఎక్కడుందో తెలియాలి, ఎప్పుడూ ఖాళీదే ఎత్తాలి. తెలియకుండా గుడ్డిగా ఎత్తి, అదృష్టం కొద్దీ ఖాళీది వస్తే అప్పుడు నిజంగానే సగం సగం. పజిల్ చెప్పేవాళ్ళలో చాలామంది ఈ షరతు చెప్పకుండా వదిలేస్తారు, తర్వాత వినేవాళ్ళను మూర్ఖులంటారు, అది అన్యాయం.

గళ్ళు గీసేవి, చెప్పే తీరు మార్చేవి

నిజాలే చెప్పేవాడు, అబద్ధాలే చెప్పేవాడు ఉండే పజిల్స్‌కి మాత్రం నడవక్కర్లేదు, గళ్ళు గీసుకోవాలి. ఇద్దరు నిలబడ్డారు, మొదటివాడు "మేమిద్దరం అబద్ధాలకోరులమే" అన్నాడు. మొదటివాడు నిజాయితీపరుడు అనుకుని చూడండి, అప్పుడు తన మాట నిజమై తనే అబద్ధాలకోరు కావాలి, పొసగదు. కాబట్టి వాడు అబద్ధాలకోరు. వాడన్న మాట అబద్ధం కాబట్టి ఇద్దరూ అబద్ధాలకోరులు కాకూడదు, అంటే రెండోవాడు నిజాయితీపరుడు. అంతే. ఇలాంటివాటిలో తెలివి కన్నా ఓపిక ముఖ్యం, ఏ అవకాశాన్నీ వదలకుండా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోవాలి. పెన్ను ఒక్కరి చేతిలో ఉంచండి, మిగతావాళ్ళు నోటితో చెప్పాలి. నలుగురూ నాలుగు చోట్ల గళ్ళు గీస్తే నాలుగు రకాల తప్పులొస్తాయి.

ఇంకో రకం ఉంది, లెక్క ఎంత చిన్నదైనా పొడిగా చెబితే ఎవరికీ తట్టదు, కథ మారిస్తే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1966లో పెట్టిన నాలుగు కార్డుల పరీక్ష ఇట్టాంటిదే. దాన్ని తెలుగులో ఇలా పెట్టొచ్చు: ప్రతి కార్డుకి ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ఎదురుగా అ, క, 4, 7 కనిపిస్తున్నాయి. "ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి" అనే రూలు నిజమో కాదో తేలాలంటే ఏ కార్డులు తిప్పాలి? మా దగ్గర అందరూ అ, 4 అన్నారు. 4 తిప్పి లాభం లేదు, వెనక హల్లు ఉన్నా రూలుకి నష్టం లేదు, హల్లు వెనక ఏముండాలో రూలు చెప్పనే లేదు. తిప్పాల్సింది అ, 7. ఏడు వెనక అచ్చు కనిపిస్తే రూలు తప్పినట్టు.

ఒప్పుకోరు. ఎంత చెప్పినా బావ ఒప్పుకోలేదు. అప్పుడు టీచరక్క మాట మార్చింది: "నువ్వు ట్రాఫిక్ పోలీసువి. బండి నడిపేవాడికి 18 నిండి ఉండాలి. ఎదురుగా నలుగురు. ఒకడు బండి నడుపుతున్నాడు, వయసు తెలీదు. ఒకడు వెనక కూర్చున్నాడు, వయసు తెలీదు. ఒకడికి పాతికేళ్ళు, నడిపాడో లేదో తెలీదు. ఒకడికి పదహారేళ్ళు, నడిపాడో లేదో తెలీదు. ఎవరెవర్ని ఆపుతావు?" "నడిపేవాణ్ణీ, పదహారేళ్ళోణ్ణీ, పాతికేళ్ళోడితో నాకేం పని?" అన్నాడు బావ, అని ఒక్క క్షణం ఆగి, కార్డుల వైపు చూసి తల గోక్కున్నాడు. అదే లెక్క! కాబట్టి ఎవరైనా ఒకచోట మొండికేస్తే అదే మాటను ఇంకా గట్టిగా చెప్పొద్దు, వాళ్ళ రోజువారీ బతుకులోంచి ఇంకో కథ తీసి అందులో పెట్టి చెప్పండి. మెడికల్ షాపు అన్నకి మందుల అట్టలు, బావకి బండ్లు, ఒంగోలు ఫ్రెండుకి ఎడ్లు.

అసలు ఇది వీలయ్యే పనేనా అని ముందు లెక్కేసుకోండి

తూకం పజిల్స్ చాలామంది గుడ్డిగా మొదలుపెట్టి అలిసిపోతారు. తొమ్మిది కాసులు, ఒకటి మాత్రం బరువెక్కువ, రాళ్ళు లేని తక్కెడలో రెండే తూకాల్లో పట్టుకోవాలి. తూకానికి మూడు ఫలితాలు ఉంటాయి, ఎడమకి మొగ్గొచ్చు, కుడికి మొగ్గొచ్చు, సమానంగా ఆగొచ్చు. మూడోది కూడా కబురే అన్న సంగతి మర్చిపోయి అందరూ నాలుగూ నాలుగూ తూయబోతారు. రెండు తూకాలకి మూడు మూళ్ళు తొమ్మిది ఫలితాలు, తొమ్మిది కాసులకి సరిగ్గా సరిపోతాయి, అంటే ప్రతిసారీ మూడు సమాన కుప్పలు చెయ్యాలి. మూడూ మూడూ తూస్తే బరువుది ఏ కుప్పలో ఉందో తెలిసిపోతుంది, ఆ కుప్పలోంచి ఒకటీ ఒకటీ తూస్తే అయిపోయె.

పెద్దది పన్నెండు కాసులది: ఒకటి తేడా, బరువెక్కువో తక్కువో తెలీదు, మూడు తూకాల్లో కాసునీ పట్టుకోవాలి, ఎక్కువో తక్కువో కూడా చెప్పాలి. అవకాశాలు 24, మూడు తూకాల ఫలితాలు 27. వీలుందన్నమాట, కానీ కరువు మీద ఉంది, ఒక్క తూకం కూడా వృథా చెయ్యడానికి లేదు. మొదటి తూకం చెబుతాను, నాలుగూ నాలుగూ. ఎటు పోయినా ఎనిమిది అవకాశాలే మిగులుతాయి, మిగతా రెండు తూకాలకి తొమ్మిది ఫలితాలున్నాయి కాబట్టి బతికిపోతాం. మిగిలిన దారి మీరు వెతుక్కోండి, మాకు రెండు శనివారాలు పట్టింది. పదమూడు కాసులతో ఎందుకు కాదో చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. 26 అవకాశాలు, 27 ఫలితాలు, పైకి వీలున్నట్టే ఉంది. కానీ నాలుగూ నాలుగూ తూస్తే పక్కన ఐదు కాసులు మిగులుతాయి, తక్కెడ సమానంగా ఆగితే వాటికి 10 అవకాశాలు. ఐదూ ఐదూ తూస్తే మొగ్గినప్పుడు 10. రెండు తూకాలకి ఉన్నవి తొమ్మిదే. ఎటూ చాలదు. కాదు అని ఇంత గట్టిగా చెప్పగలగడం కూడా జవాబే, దీన్ని చూశాకే మెడికల్ షాపు అన్న మాతో సీరియస్‌గా కూర్చోవడం మొదలుపెట్టాడు.

జవాబు తెలిసినవాణ్ణి ఏం చెయ్యాలి

ప్రతి గుంపులోనూ ఒకరికి ఆ పజిల్ ముందే తెలిసి ఉంటుంది. వాణ్ణి వెంటనే ఆడించేవాడిగా మార్చెయ్యండి. తెలిసీ తెలియనట్టు నటించి పది నిమిషాల తర్వాత ఇప్పుడే తట్టినట్టు చెప్పేవాడు మాత్రం మహా పాపాత్ముడు, మా దగ్గర ఆ పని చేసినవాడు ఆ రాత్రికి టీ పెట్టాలి.

ఆడించేవాడు హింట్ ఇవ్వడం ఒక విద్య. జవాబులో సగం చెప్పడం హింట్ కాదు. "మీరు ఒక షరతు అసలు వాడలేదు" అనడం మంచి హింట్. "ఇద్దరే ఉంటే ఏమవుతుంది?" అనడం ఇంకా మంచిది. ఎవరైనా తప్పు దారిలో పోతుంటే తప్పు అనెయ్యకండి, "సరే, అట్టాగే ఇంకో అడుగు వెయ్యి" అనండి, వాళ్ళకే గోడ తగులుతుంది, అప్పుడు ఆ గోడ ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది.

తర్కం పజిల్‌నీ తిరకాసు ప్రశ్ననీ కలపొద్దు. "రైల్లో ఇద్దరు ఎక్కారు, ముగ్గురు దిగారు, డ్రైవర్ పేరేంటి" రకం ప్రశ్నలు టీ తాగేటప్పుడు బాగుంటాయి, పొడుపు కథలు అన్నం తినేటప్పుడు బాగుంటాయి, వాటిని లాజిక్ పజిల్ మధ్యలో తెచ్చారంటే మిగతావాళ్ళు ప్రతి పజిల్‌లోనూ మోసం వెతకడం మొదలుపెడతారు. ముందే చెప్పెయ్యండి, ఇందులో మాటల గారడీ లేదు, లేదా ఉంది.

అరగంట కదలికే లేకపోతే ఆపెయ్యండి. జవాబు చూడొద్దు, ఆపెయ్యండి అంటున్నా. చేపల పులుసు ఆ పూట కంటే మర్నాడు బాగుంటుందని మా వైపు అందరికీ తెలుసు, మామిడికాయ వేసిందైతే మరీను, చిక్కు లెక్కలు కూడా కొన్ని అంతే, రాత్రంతా ఊరాలి. పన్నెండు కాసుల లెక్కలో రెండో తూకం ఒంగోలు ఫ్రెండుకి ఆదివారం పొద్దున పళ్ళు తోముకుంటుంటే తట్టిందట, నోట్లో నురగతోనే ఫోన్ చేశాడు, సగం అర్థం కాలేదు.

మొదటిసారి కూర్చునేవాళ్ళు భోజనం లెక్కతో మొదలుపెట్టి, వంతెన నడిచి, గ్లాసులు ఆడి ఆపితే చాలు. బొట్లు, కాసులు రెండో వారానికి. మైపాడు బీచికి పోతే వంతెన ఇంకా బాగుంటుంది, తడి ఇసుకలో కాలి గుర్తులు మిగిలిపోతాయి కాబట్టి ఎవరు ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారో లెక్క తప్పదు. 2015లో సింగపూర్ పిల్లల పోటీ పరీక్ష నుంచి ప్రపంచమంతా తిరిగిన షెరిల్ పుట్టినరోజు లెక్క (ఎదుటివాడికి ఏం తెలీదో విని తేదీ పట్టుకునేది) కూడా తెచ్చుకోండి, బొట్ల ఆట అర్థమయ్యాక అది సులువు.

మీ ఇంట్లో పాలక్యాన్లు ఉంటే ఈ వారానికి ఇది చెయ్యండి, పాలు కాదు, నీళ్ళతోనే. ఎనిమిది లీటర్ల క్యాను నిండుగా ఉంది, ఖాళీవి ఐదు లీటర్లది ఒకటి, మూడు లీటర్లది ఒకటి. గీతలు లేవు, వేరే కొలత లేదు. ఇద్దరికి చెరి నాలుగు లీటర్లు రావాలి. ఏడుసార్లు ఒంపితే అవుతుంది. ఆరుసార్లలోనే చేశామని ఎవరైనా అంటే కింద తడి ఉందేమో చూడండి.